పడవ పంపుకి ఏ వైరు వేస్తారు?

మీది ఎలక్ట్రికల్ డిప్లొమానో, బీటెక్కో, ఐటీఐనో అనుకుందాం. ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారు. ఎదురుగా ఉన్నాయన ఓమ్ సూత్రం చెప్పమనలేదు. కాగితం మీద చిన్న పడవ బొమ్మ గీసి, ‘దీని అడుగున నీళ్లు తోడే పంపు ఉంది. 12 వోల్టులది. 8 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంది. ఏ వైరు వేస్తావు?’ అన్నాడు.

చాలామంది నోటి నుంచి వెంటనే వచ్చే జవాబు ‘ఒకటిన్నర ఎంఎం చాలు సార్’. ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ అదే కదా వేస్తాం, 8 ఆంపియర్లు అది సునాయాసంగా మోస్తుంది కదా అన్నది ధీమా. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ వైరు 8 ఆంపియర్లకి వేడెక్కి కాలిపోదు. కానీ ఆ పడవలో ఆ వైరు వేస్తే మాత్రం జవాబు తప్పే. ఎందుకు తప్పో నాలుగు లైన్ల లెక్కతో చెప్పగలిగినవాళ్లనే ఎదుటాయన వెతుకుతున్నాడు.

‘నంద్యాలలో పడవలెక్కడివి?’ అంటారా? మీ ఊరి మీదుగా ఆళ్లగడ్డ వైపు పారే కేసీ కెనాల్‌నే చూడండి. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప వైపు సాగే ఈ కాలువని పందొమ్మిదో శతాబ్దంలో తవ్వినప్పుడు, పొలాలకి నీళ్లతో పాటు పడవల రాకపోకలకీ పనికొచ్చేలా కట్టారు. ఆ పడవలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చూడాలంటే శ్రీశైలం జలాశయానికి వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీశైలం నంద్యాల జిల్లాలోకే వచ్చింది. పాతాళగంగ దగ్గర యాత్రికులని ఎక్కించుకుని తిరిగే ఇంజను పడవలు మన జిల్లావే. ఇక విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం హార్బర్ల సంగతి చెప్పనక్కర్లేదు.

సరే, అసలు ఆ పంపు ఏంటి? పడవ అడుగున, నడవడానికి వేసే పలకల కింద, నీళ్లు చేరే గుంటలాంటి చోటు ఉంటుంది. దాన్ని బిల్జ్ అంటారు. వాన నీళ్లు, అలల తుంపర, షాఫ్టు దగ్గర కారే నీళ్లు అన్నీ అక్కడికే చేరతాయి. వాటిని తోడి బయటికి పోసేదే బిల్జ్ పంపు. మామూలు రోజుల్లో దానికి పెద్ద పని ఉండదు. అడుగున చిల్లు పడిన రోజు మాత్రం ఒడ్డుకి చేరేదాకా పడవని తేల్చి ఉంచాల్సింది అదే. అందుకే ఆ పంపుకి వేసే వైరు ప్రశ్న చిన్నదేమీ కాదు.

అంకెల్లో చూద్దాం. నీటిమట్టానికి అర మీటరు కింద 25 మిల్లీమీటర్ల వ్యాసంతో, అంటే దాదాపు ఒక అంగుళం చిల్లు పడిందనుకోండి. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిన ఆరిఫిస్ సూత్రం వాడితే, డిశ్చార్జి కోఎఫిషియెంట్ 0.6 వేసుకున్నా, నిమిషానికి సుమారు 55 లీటర్లు లోపలికి వస్తాయి. నిమిషానికి మూడు నాలుగు బిందెల నీళ్లు! ఇక పంపు డబ్బా మీద గంటకి 2000 గాలన్లు అని ఉందనుకోండి. అమెరికా గాలను 3.785 లీటర్లు కాబట్టి నిమిషానికి 126 లీటర్లు. ‘ఇంకేం, రెట్టింపు ఉంది’ అనిపిస్తుంది. కానీ డబ్బా మీద అంకె సాధారణంగా పైపు ఎత్తూ వంపులూ లేకుండా, పూర్తి వోల్టేజి ఇచ్చి కొలిచినది. పడవలో ఆ నీళ్లు మీటరో మీటరున్నరో పైకెక్కి, రెండు మూడు వంపులు తిరిగి బయటపడాలి. ఆ దెబ్బకే చాలా పోతుంది. మిగిలినదాంట్లో వైరు ఎంత తినేస్తుందన్నదే మన లెక్క.

లెక్క ఇదీ

రాగి రెసిస్టివిటీ 20 డిగ్రీల దగ్గర సుమారు 0.0175. అంటే చదరపు మిల్లీమీటరు మందం, మీటరు పొడవున్న రాగి తీగ నిరోధం 0.0175 ఓమ్‌లు. వైరులో పోయే వోల్టేజి = 2 × దూరం × ఆంపియర్లు × 0.0175 ÷ వైరు సైజు.

ఆ మొదటి ‘2’ దగ్గరే సగం మంది జారతారు. కరెంటు ప్లస్ వైరులో వెళ్లి మైనస్ వైరులో తిరిగి రావాలి. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే వైరు 10 మీటర్లు. అది కూడా టేపు పట్టి సూటిగా కొలిచిన దూరం కాదు, పడవ పక్కల వెంబడి వంకర్లు తిరుగుతూ పోయే వైరు పొడవు.

మన అంకెలు వేస్తే పైన 2 × 5 × 8 × 0.0175 = 1.4 వస్తుంది. ఇక దాన్ని వైరు సైజుతో భాగించడమే. ఒకటిన్నరతో భాగిస్తే 0.93 వోల్టులు. రెండున్నరతో 0.56. నాలుగుతో 0.35. ఆరుతో 0.23.

ఇప్పుడు వీటిని 12తో పోల్చండి. ఒకటిన్నర వైరులో పోయే 0.93 వోల్టులు అంటే దాదాపు 7.8 శాతం. రెండున్నరలో 4.7 శాతం. నాలుగులో 2.9 శాతం. అదే 0.93 వోల్టులు ఇంట్లో 230 వోల్టుల లైన్లో పోతే 0.4 శాతం, ఫ్యానుకి తెలియను కూడా తెలియదు. అదే రాగి, అదే కరెంటు, అదే పొడవు. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసే వైరు పడవలో పనికిరాకుండా పోవడానికి కారణం ఇంతే. హౌస్ వైరింగులో చెయ్యి తిరిగినవాళ్లు కూడా తక్కువ వోల్టేజి పనికి వచ్చేసరికి తడబడేది ఇక్కడే.

ఎంత శాతం దాకా ఫర్వాలేదు? పడవల వైరింగుకి అమెరికన్ బోట్ అండ్ యాచ్ కౌన్సిల్ ఇచ్చిన ఈ-11 ప్రమాణం రెండు గీతలు గీస్తుంది. ముఖ్యమైన సర్క్యూట్లకి 3 శాతం, మిగతావాటికి 10 శాతం. క్యాబిన్ లైటు కాస్త మసగ్గా వెలిగితే కొంప మునగదు. పంపు మెల్లగా తిరిగితే మునుగుతుంది. కాబట్టి బిల్జ్ పంపుని 3 శాతం గీత కిందే పెట్టుకోవాలి. ఆ లెక్కన మన జవాబు 4 చదరపు మిల్లీమీటర్లు.

ఇంటర్వ్యూలో ఇక్కడి దాకా వస్తే మీరు గట్టెక్కినట్టే. ఇంకొక్క మాట చెబితే ఎదుటాయన పెన్ను కింద పెడతాడు. 0.0175 అనేది 20 డిగ్రీల దగ్గర విలువ. నంద్యాల ఎండలు తెలిసినవాళ్లకి 20 డిగ్రీలు ఎక్కడి మాట! రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. ఇంజను పక్కన వైరు 45 డిగ్రీల దగ్గర ఉంటే నిరోధం పది శాతం ఎక్కువ. అప్పుడు 4 ఎంఎం వైరులో పోయేది 3.2 శాతం, గీత దాటింది. ‘వేడి చోటైతే 6 వేస్తాను, లేదా బ్యాటరీని దగ్గరికి జరుపుతాను’ అనండి. రెండూ సరైన జవాబులే.

వోల్టేజి తగ్గితే పంపుకి ఏమవుతుంది? ఈ పంపులు చాలావరకు పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటార్లతో తిరిగే సెంట్రిఫ్యూగల్ రకం. వోల్టేజి తగ్గితే వేగం తగ్గుతుంది. వేగం పది శాతం తగ్గితే నీటిని నెట్టగలిగే ఎత్తు పది శాతం కాదు, 19 శాతం తగ్గుతుంది, ఎత్తు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి. మూడు మీటర్లు నెట్టగలిగేది 2.4 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మోటారు చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. పంపు నడుస్తోందని నమ్మి కూర్చోవడం, పంపు ఆగిపోవడం కంటే ప్రమాదం.

ఇదంతా మీ పొలంలోనే ఉంది

పడవ ఎక్కనివాళ్లకి ఈ లెక్క కొత్తగా అనిపించొచ్చు గానీ, ఆళ్లగడ్డ చుట్టుపక్కల బోరు ఉన్న ప్రతి రైతుకీ దీని రుచి తెలుసు. అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, 150 మీటర్ల లోతు. మూడు ఫేజులు కాబట్టి సూత్రంలో 2 బదులు 1.732 వేయాలి. మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, రెండున్నర ఎంఎం ఫ్లాట్ కేబుల్లో దాదాపు 14.5 వోల్టులు పోతాయి. 415లో అది 3.5 శాతం. డబ్బు మిగులుతుందని ఒకటిన్నర వేస్తే 24 వోల్టులు, 5.8 శాతం. పైగా చేలల్లో 415 వోల్టులు నిండుగా వచ్చే రోజులెన్ని? లైను చివర ఉన్న బోరుకి వచ్చేదే తక్కువ, అందులోంచి కేబుల్ ఇంకొంత తింటుంది. ఆ లోటుని మోటారు ఎక్కువ కరెంటు లాగి పూడ్చుకుంటుంది, వైండింగు వేడెక్కుతుంది, కాలిపోతుంది. ‘కంపెనీ మోటారు బాగాలేదు’ అని తిట్టుకుంటూ రివైండింగ్ షాపుకి మోసుకెళ్తారు. మోటారు తప్పెంతో, వైరు తప్పెంతో ఎవరూ లెక్కేయరు. మీ నాన్నగారి బోరుకి మీరే ఈ లెక్క వేసి చూడండి. క్యాంపస్ ప్రాజెక్టుగా డబ్బులిచ్చి కొనుక్కునే రిపోర్టు కంటే అది ఎంతో నయం.

శిల్పాలకి పేరున్న ఊరు కదా ఆళ్లగడ్డ. రాయి మీద నడిచే గ్రైండరుకి పొడవాటి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు తగిలిస్తే ఊపు తగ్గుతుందని అక్కడ పనిచేసేవాళ్లని అడిగినా చెబుతారు. సూత్రం అదే.

వైరు సైజు తేలితే పని అయిపోలేదు

షాపుకి వెళ్లి ‘4 ఎంఎం వైరు’ అడుగుతాం. అలవాటు మాట, ఫర్వాలేదు. కానీ అది వ్యాసం కాదు, అడ్డుకోత వైశాల్యం. ఇంటర్వ్యూలో ‘చదరపు మిల్లీమీటర్లు’ అని నోరారా అనండి. ఇంకో చిక్కు ఉంది. పడవ సామాను పుస్తకాల్లో కొలతలు అమెరికన్ గేజుల్లో, అడుగుల్లో ఉంటాయి. 14 గేజు అంటే సుమారు 2.1 చదరపు మిల్లీమీటర్లు, 12 అంటే 3.3, 10 అంటే 5.3. గేజు అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. మన 4 సైజు 12కీ 10కీ మధ్య పడుతుంది. పట్టికలో ఉన్న పొడవు ఒకవైపుదో, పోనూ రానూ కలిపిందో చూసుకోకపోతే మొత్తం తారుమారు.

సింగిల్ స్ట్రాండ్ వైరు పడవకి పనికిరాదు. ఇంజను అదురుకి ఒంటి తీగ వంగి వంగి విరుగుతుంది. సన్న తీగలు పేనిన మల్టీ స్ట్రాండ్ కావాలి. ఉప్పునీళ్లలో తిరిగే పడవైతే ఒక్కో తీగకీ తగరం పూత ఉన్న రాగి మంచిది. మామూలు రాగి తీగల మధ్యకి తేమ పాకి, పైన తొడుగు కొత్తగా కనిపిస్తున్నా లోపల నల్లబడి ఉంటుంది. శ్రీశైలంలాంటి మంచినీటి జలాశయంలో ఆ బెడద తక్కువ, లేకుండా మాత్రం పోదు. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టే పద్ధతి ఇక్కడ నడవదు. సరైన టూలుతో క్రింపు చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. ఆ జాయింటు నీళ్లు చేరే మట్టానికి వీలైనంత పైన ఉండాలి. అడుగు నీళ్లలో ప్లస్ వైరు తొడుగు ఊడితే, నీళ్ల గుండా లీకయ్యే డీసీ కరెంటు ఫిట్టింగుల లోహాన్ని తినేస్తుంది. కెమిస్ట్రీలో చదివిన ఎలక్ట్రాలిసిస్ ఇదే.

ఇక ఫ్యూజు. బ్యాటరీ పక్కనే, ప్లస్ వైరు మీద ఉండాలి. పంపు పక్కన పెడితే మధ్యలో 5 మీటర్ల వైరుకి కాపలా లేనట్టే. ఎన్ని ఆంపియర్లో పంపు తయారీదారు చెప్పిందే వేయాలి. నీళ్లు పెరిగితే పంపుని దానంతటదే నడిపే ఫ్లోట్ స్విచ్చు లైనుని పడవ మెయిన్ స్విచ్చు దాటించి, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలపడం ఆనవాయితీ. పడవ కట్టేసి, మెయిన్ ఆపేసి ఇంటికెళ్లిన రాత్రి వాన పడితే పంపు పనిచేయాలి మరి.

ఇప్పుడు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. సన్న వైరు వేస్తే ఫ్యూజు కూడా పనిచేయకపోవచ్చు! పంపులో చెత్త ఇరుక్కుని మోటారు బిగుసుకుపోయిందనుకోండి. ఆగిన మోటారు నిరోధం 0.3 ఓమ్‌లు, ఫ్యూజు 15 ఆంపియర్లది అనుకుందాం. 4 ఎంఎం వైరు నిరోధం 10 మీటర్లకి 0.044 ఓమ్‌లే. కరెంటు 35 ఆంపియర్ల దాకా పోతుంది, ఫ్యూజు వెంటనే ఎగురుతుంది, అందరూ క్షేమం. అదే 0.75 సైజు తీగ వేసి ఉంటే దాని నిరోధమే 0.233. దారిలో తుప్పు పట్టిన జాయింటు ఇంకో 0.3 కలిపిందనుకోండి. మొత్తం 0.833. పన్నెండుని దాంతో భాగిస్తే 14.4 ఆంపియర్లు. ఫ్యూజుకి అది మామూలు కరెంటే, ఎగరదు. ఆ జాయింటు దగ్గర మాత్రం 62 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. అంటే వైర్ల గుత్తిలో ఒక పెద్ద సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి వదిలేసినట్టు. పక్కన డీజిల్ ట్యాంకు ఉంటుందని గుర్తు పెట్టుకోండి. ‘ఫ్యూజు ఉంది కదా’ అనే భరోసా ఎంతవరకో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఈ లెక్కకి ఉద్యోగం ఎక్కడ?

నంద్యాలలో బిల్జ్ పంపు వైరింగు ఉద్యోగమని ప్రకటన పడదు. పడుతుందని చెప్పి ఆశ పెట్టడం మా పని కాదు. కానీ తక్కువ వోల్టేజి డీసీ ఎక్కడుంటే అక్కడ ఈ లెక్కే. ట్రాక్టరు 12 వోల్టులు, లారీ 24. సెల్ టవర్ల పరికరాలు 48. ఈ-రిక్షాల బ్యాటరీలు చాలావరకు 48. రైలు బోగీల్లో లైట్లూ ఫ్యాన్లూ నడిచేది 110 వోల్టుల డీసీ మీద. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంతో పొలాల్లోకి వస్తున్న సోలార్ పంపుల్లో ప్యానెళ్ల నుంచి కంట్రోలరు దాకా పోయేది కూడా డీసీయే. సోలార్ సంస్థలు సైట్ ఇంజినీర్లకి పెట్టే రాత పరీక్షల్లో కేబుల్ సైజు లెక్క అడగడం మామూలే.

నీటి మీదే పని చేయాలని ఉందా? విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది. అప్రెంటిస్‌షిప్ నోటిఫికేషన్ల కోసం డిప్లొమా, డిగ్రీవాళ్లు నాట్స్ పోర్టల్లో, ఐటీఐవాళ్లు అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుని ఉంచండి. సముద్రం మీదికి వెళ్లాలంటే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ అనే హోదా ఉంది. 2010లో మనీలాలో చేసిన సవరణలతో అంతర్జాతీయ నౌకా శిక్షణ ఒప్పందంలో చేరిన హోదా ఇది. ఓడల్లో సాధారణంగా 440 వోల్టుల త్రీ ఫేజు, దాని పక్కనే 24 వోల్టుల బ్యాటరీ లైన్లు ఉంటాయి. రెండు రకాల లెక్కలూ రావాలి.

ఫీజు కట్టే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, కంటి డాక్టరు దగ్గర రంగులు గుర్తుపట్టే పరీక్ష చేయించుకోండి. ఓడ ఉద్యోగానికి వైద్య పరీక్షలో ఇది ఉంటుంది. లక్షలు కట్టి కోర్సు అయ్యాక ఇక్కడ ఆగిపోతే ఆ డబ్బు తిరిగి రాదు. రెండోది, ఆ కోర్సు చెప్పే సంస్థకి డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో, ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు సంస్థకి ఆర్‌పీఎస్ లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లోనే చూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం నిబంధనలకి విరుద్ధం. ‘అన్నా, సీటు గ్యారంటీ, అడ్వాన్సు పంపించు’ అన్న ఫోను వస్తే ఎంత తియ్యగా మాట్లాడినా పెట్టేయండి.

ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఒక పని చేసి చూడండి, ఖర్చు ఒక మల్టీమీటరు మాత్రమే. ట్రాక్టరు హెడ్‌లైట్లు వేసి ఉంచండి. మీటరుని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది లైటు దగ్గరి ప్లస్ మీద ఆనించండి. వచ్చిన అంకె ఆ దారిలో వైరు, స్విచ్చు, జాయింట్లు కలిసి తిన్న వోల్టేజి. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ లైటు మైనస్‌కీ మధ్య కొలవండి. రెండూ కలిపి 12తో భాగించండి. పాత ట్రాక్టరైతే మైనస్ వైపు అంకే ఎక్కువ రావచ్చు. అలా వస్తే ఛాసిస్‌కి ఎర్త్ బిగించిన బోల్టు విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది, మళ్లీ బిగించి కొలవండి. ముందు ఎంత, తర్వాత ఎంత, రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. ‘ప్రాక్టికల్‌గా ఏం చేశావు?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు చెప్పడానికి ఉంటాయి.